భోజనాల బల్ల మీద బస్టాండు

ఆ వేసవిలో మా భోజనాల బల్ల మీద ఒక బస్టాండు వెలిసింది. మా ఆవిడ, మా అమ్మ, నేను, ముగ్గురం కంచాలు ఒళ్లో పెట్టుకుని గోడవారన కుర్చీలేసుకుని తినడం మొదలుపెట్టాం. ఈ బస్సులు ఎప్పుడు బయల్దేరతాయి, బల్ల ఎప్పుడు ఖాళీ అవుతుందని మా అమ్మ మొదటిరోజే అడిగింది. బస్సులు ఎప్పుడో వెళ్లిపోయాయి అత్తయ్యా, మిగిలిన ఖాళీ స్థలంలో ఏం కట్టాలన్నదే నా ప్రాజెక్టు అని మా ఆవిడ తలెత్తకుండానే జవాబు చెప్పింది.

ఆ మాట నిజమే. పాత బస్టాండును ఊరి బయటికి మార్చి చాలాకాలమైంది. నడిబొడ్డున అంత జాగా, పగుళ్లు పట్టిన సిమెంటు నేల, నంబర్లు చెరిగిపోయిన స్తంభాలు మిగిలాయి. మా ఆవిడ పెళ్లికి ముందు ఆర్కిటెక్చర్ చదివింది. చివరి ఏడాది ఆ స్థలం మీదే చేసిన ప్రాజెక్టును జ్యూరీవాళ్లు, అంటే బయటినుంచి వచ్చి డ్రాయింగులు చూసి ప్రశ్నలడిగే పెద్దలు, తిప్పికొట్టారు. మళ్లీ చేసి చూపించేలోగా మా పెళ్లి, మా అమ్మాయి చిన్నది పుట్టడం, ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆ ఒక్క ప్రాజెక్టూ అలాగే నిలిచిపోయింది. ఆ ఏడాది చిన్నది పైచదువుకని వేరే ఊళ్లో హాస్టల్లో చేరింది. సరిగ్గా అప్పుడే, అలా ఒక్క ప్రాజెక్టు మిగిలిపోయిన పాత విద్యార్థులు వచ్చి పూర్తిచేసుకోవచ్చని కాలేజీ ప్రకటించింది. ఇంట్లోంచి ఒక విద్యార్థిని వెళ్లిందో లేదో ఇంకో విద్యార్థిని తయారైంది. చిన్నది ఫోన్ చేసినప్పుడల్లా, నాన్నా, అమ్మ హోంవర్కు చేసిందా అని అడిగేది.

నేను కట్టుడుపళ్లు చేస్తాను. డాక్టర్లు రోగి నోట్లోంచి అచ్చు తీసి పంపిస్తే, అందులో ప్లాస్టర్ పోసి దవడ తయారుచేసుకుని, దాని మీద మైనంతో పళ్లు అమర్చి, నవ్వడానికీ నమలడానికీ పనికొచ్చేలా చేసి తిప్పి పంపడం నా వృత్తి. ఇంటి ముందుగదే నా పనిశాల. మధ్య తలుపు తీసి ఉంచితే బల్ల దగ్గర కూర్చున్న మా ఆవిడ వీపు కనిపిస్తుంది. ఆ వేసవంతా నేను ఎక్కువగా చూసింది ఆ వీపునే.

అంతకుముందు, సాయంత్రం నా పని ముగిశాక ఇద్దరం వెనక గుమ్మం దగ్గర కూర్చుని టీ తాగేవాళ్లం. పెద్ద కబుర్లేం కావు. ఎవరి నోట్లో ఎన్ని పళ్లు మిగిలాయో నేను చెప్పేవాణ్ణి, వీధిలో ఎవరికీ ఎవరికీ చెడిందో ఆవిడ చెప్పేది. ప్రాజెక్టు వచ్చాక ఆ టీ ఆగిపోయింది. నా గ్లాసు నా పనిబల్ల మీదికి వచ్చేది, ఆవిడ గ్లాసు డ్రాయింగుల మధ్య చల్లారిపోయేది. ఊరెళ్లిన మనిషి మీద బెంగ పెట్టుకుంటే ఎవరైనా అర్థం చేసుకుంటారు. ఎదురుగా కూర్చున్న మనిషి మీద బెంగ పెట్టుకున్నానంటే ఎవరితో చెప్పుకోను? నవ్విపోతారు. ఆ వేసవిలో నాకు కావలసింది ఒక్కటే, ఆవిడ మళ్లీ వచ్చి నా పక్కన కూర్చోవడం.

ప్రాజెక్టుకు గైడు ఎవరో కాదు, మా ఆవిడ పాత క్లాస్‌మేటే. మిగతావాళ్లంతా తలో దిక్కూ పోతే, ఈ గైడు మాత్రం అదే కాలేజీలో పాఠాలు చెప్పడానికి ఉండిపోయింది. ఒక ఆదివారం చంకలో ట్రేసింగ్ కాగితాల చుట్ట పెట్టుకుని వచ్చి, గుమ్మంలోంచే "తూనీగా!" అని పిలిచింది. మా ఆవిడ కుర్చీలోంచి చివాలున లేచింది. ఎవరినో పిలుస్తున్నారనుకుని వీధిలోకి తొంగిచూసిన నేను, ఆ లేవడం చూసి వెనక్కి తిరిగాను. పిలుపుకు అంత వేగంగా లేవడం నేనెప్పుడూ ఎరగను.

మీకు తెలీదా అన్నయ్యగారూ అని గైడు నవ్వుతూ చెప్పింది. స్టూడియోలో, అంటే కాలేజీలో అందరూ డ్రాయింగులు వేసుకునే హాల్లో, మా ఆవిడ తన బల్ల దగ్గర కనిపించిన రోజే లేదట. ఎవరి బల్ల మీద మంచి డ్రాయింగు కనిపిస్తే అక్కడ వాలిపోయి, సలహాలిచ్చి, మార్పులు చేసి, మళ్లీ ఇంకో బల్ల దగ్గరికి ఎగిరిపోయేదట. తన డ్రాయింగు మాత్రం చివరి పూట వరకూ ఖాళీగానే ఉండేదట. వాళ్లిద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి నాకు తెలియని పేరు ఒకటి ఉంది. ఆ పేరుగల పిల్లని చూసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను తప్ప. లేని మనిషి మీద కూడా బెంగ పుడుతుందని నాకు ఆరోజే తెలిసింది.

గైడు వెళ్లాక మా అమ్మ ఊరుకోలేదు. "తూనీగేంటే అమ్మాయ్, ఇన్నేళ్లూ మా వంటింట్లో ఎక్కడ వాలావు?" అంది. ఆవిడ చిన్నగా నవ్వి మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

తర్వాత కొలతల రోజులు వచ్చాయి. పుస్తకాల్లో ఉన్న కొలతలు ఎవరివో తెలీదని, మన మనుషుల కొలతలే కావాలని ఆవిడ ఇల్లు పీకి పందిరేసింది. మా అమ్మ మోకాలు నేలనుంచి ఎంత ఎత్తులో ఉంది, కూర్చుని లేవాలంటే దేన్ని పట్టుకుంటుంది, మెట్టు ఎంత ఎత్తయితే తిట్టుకోకుండా ఎక్కుతుంది, అన్నీ కొలిచింది. మా అమ్మకి ఈ వైభవం తెగ నచ్చింది. పిలవకపోయినా వచ్చి, ఇవాళ నా మోచెయ్యి అక్కర్లేదా అని అడిగేది.

నన్ను కూడా పిలిచింది. పెట్టెల మీద పెట్టెలు పేర్చి కూర్చోమంది, ఒక పెట్టె తీసి మళ్లీ కూర్చోమంది. కాళ్లు చాపమంది, వెనక్కి వాలమంది. ఎన్నాళ్లకో ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది, టేపు పట్టుకోవడానికి. మెడ దగ్గర ఆవిడ వేళ్లు తగిలాయి. కొలత చెప్పి రాసుకోవడానికి వెళ్లబోతుంటే, సరిగా చూశావా, ఇంకోసారి చూసుకో, నేను కాస్త వంగినట్టున్నాను అన్నాను. ఆవిడ మళ్లీ కొలిచింది. అదే కొలత వచ్చింది. ఎందుకన్నానో ఆవిడకి అర్థమైందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. మా అమ్మకి మాత్రం అర్థమైంది. వాడికి రోజూ కొలతలు తియ్యవే అమ్మాయ్, లేకపోతే చిక్కిపోయేలా ఉన్నాడు అని వంటింట్లోంచి కేకేసింది.

ఒక సాయంత్రం ఆవిడే, నాతో వస్తారా, పాత బస్టాండు దాకా వెళ్దాం అని అడిగింది. నేను ఉతికిన చొక్కా వేసుకున్నాను. ఆవిడ నా చొక్కా వంక చూసి ఏదో అనబోయి ఊరుకుంది. అక్కడికి వెళ్లి, ఒకప్పుడు బస్సులాగే అరుగు అంచున కూర్చున్నాం. ఎండ వాలుతోంది. బస్సులు రావని తెలిసీ ఎవరెవరో వచ్చి కూర్చుంటున్నారు. పండ్ల బండిమనిషి, డ్యూటీ దిగిన ఇద్దరు నర్సులు, చెరో వైపు మొహం తిప్పుకున్న ఒక జంట, ఊరికే నిలబడిపోయిన ఒక పెద్దాయన. బాగుంది కదూ అని నేను అనబోయేసరికి ఆవిడ సంచిలోంచి స్థలం ప్లాను తీసి, ఎవరు ఎక్కడ కూర్చున్నారో చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది.

షికారు అనుకుని వచ్చినవాణ్ణి, చుక్కల లెక్కలో పడ్డాను. టీ తెస్తానని లేచాను. "కదలకండి, ఇంకా చుక్క పెట్టలేదు," అంది. కూర్చున్నాను. ప్లాను మీద ఆ అరుగు అంచున నాకొక చుక్క పెట్టింది. మరి నీ చుక్కేది అని అడిగాను. చూసేవాళ్లకి చుక్క ఉండదండి అంది. నిజానికి ఆవిడ నా పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరలో ఉంది. ఆ కాగితం మీద మాత్రం నేనొక్కణ్ణే కూర్చుని ఉన్నాను. నాకు చాలా దిగులేసింది. దిగులేసిందని చెప్పడానికి సిగ్గేసి, ఆకలేస్తోందని చెప్పాను.

ప్రాజెక్టు నెమ్మదిగా ఒక రూపానికి వచ్చింది. పడమటివైపు పొడుగ్గా రెండంతస్తుల భవనం, పైన చదువుకునే గది. దాని ముందు, తూర్పుకు దిగుతూ వెడల్పాటి మెట్లు. మధ్యాహ్నం తిరిగేసరికి భవనం నీడ ఆ మెట్ల మీద పడుతుంది, సాయంత్రమంతా ఎవరైనా వచ్చి చల్లగా కూర్చోవచ్చు. మెట్లకి ఒక చివర, చెట్లవైపు, మంచి గాలీ వెలుతురూ వచ్చే మూల ఆడవాళ్ల మరుగుదొడ్లు, వాటికి ముందు ఒక చిన్న కూర్చునే గది. అంత మంచి మూల దానికి ఇస్తావా అని గైడు వాదించిందట. ఈ ఊళ్లో ఆడమనిషికి భయం లేకుండా, ముక్కు మూసుకోకుండా వెళ్లే చోటు ఒక్కటంటే ఒక్కటి చూపించమని ఈవిడ పట్టు పట్టిందట. ఈ విషయంలో అత్తాకోడళ్లిద్దరూ ఒక్కటైపోయారు. మిగతాది కట్టినా కట్టకపోయినా ఆ ఒక్క మూల కట్టించవే, నీ పేరు చెప్పుకుని నలుగురూ సుఖపడతారు అని మా అమ్మ అంది.

జ్యూరీ దగ్గరపడింది. డ్రాయింగులన్నీ అయ్యాయి కానీ కట్టడాన్ని చిన్నగా చేసి చూపించే మోడలు మిగిలింది. మిగతా విద్యార్థులకైతే జూనియర్లు వచ్చి అట్టలు కోసి అంటించి పెడతారట. తల్లి వయసున్న సీనియరుకు సాయం చేయడానికి ఏ జూనియరు వస్తాడు? అట్టతో అన్ని మెట్లూ కోసి పేర్చలేక ఆవిడ తల పట్టుకుని కూర్చుంది. నేను చేస్తానన్నాను. నా దగ్గర ప్లాస్టర్ ఉంది, మైనం ఉంది, వెంట్రుక మందం తేడా పట్టే చేతులున్నాయి. ఆవిడ తల తిప్పి నావైపు చూసింది. ప్రాజెక్టు మొదలయ్యాక అంతసేపు నన్ను చూడడం అదే మొదటిసారి. చేస్తారా అంది. ఆ ఒక్క చూపుకి ఊరంతా చెక్కమన్నా చెక్కేవాణ్ణి.

పళ్ల పని పక్కన పెట్టాను. ప్లాను ఎదురుగా పెట్టుకుని, పెద్ద మైనం పలకలో మెట్లు, గోడలు, గదులు లోతుగా చెక్కాను. ఆ గుంటల్లో ప్లాస్టర్ పోస్తే బయటికి తీసేసరికి అవే మెట్లూ గోడలూ పైకి లేచి వస్తాయి. ఆ రోజుల్లో ఆవిడ మాటిమాటికీ నా గదిలోకి వచ్చేది. నా భుజం మీదినుంచి వంగి చూసి, ఇక్కడ ఇంకాస్త, అక్కడ కొంచెం తగ్గించండి అని చెప్పేది. పక్కనే స్టూలు లాక్కుని కూర్చునేది కూడా. టీ ఇద్దరం అక్కడే తాగాం. నాకు గాల్లో తేలినట్టుండేది. పని తొందరగా అయిపోకూడదని, చెక్కిన మెట్టునే మళ్లీ నున్నగా చెక్కుతూ కూర్చున్నాను.

ప్లాస్టర్ ఆరాక, ఇద్దరం చెరోవైపు పట్టుకుని మైనం వలిచి మోడలును పైకి తిప్పాం. తెల్లగా, ఒక్క పెచ్చు ఊడకుండా, మెట్టు మెట్టూ లెక్కపెట్టుకునేలా వచ్చింది. నేను ఆవిడ మొహం చూస్తున్నాను. ఆవిడ మోడలు చుట్టూ తిరిగి ఒకవైపునుంచి చూసింది, మళ్లీ ఇంకోవైపునుంచి చూసింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మెట్లు పడమటికి తిరిగాయండి," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ప్లాను తీసి మోడలు పక్కన పెట్టి చూశాను. నా వృత్తిలో అచ్చు రోగి నోట్లోంచి వస్తుంది, నేను చెక్కేది కాదు. నేను అందులో పోసి తీసేవాణ్ణి మాత్రమే. ఇప్పుడు జీవితంలో మొదటిసారి అచ్చు నేనే చెక్కాను, ప్లాను ఎలా ఉందో అలాగే. అచ్చును బోర్లించి తీసేసరికి కుడి ఎడమైపోయింది, ఎడమ కుడైపోయింది. నీడలో ఉండాల్సిన మెట్లు సాయంత్రపు ఎండకు ఎదురుగా నిలబడ్డాయి. మా అమ్మకి నచ్చిన ఆ మరుగుదొడ్ల మూల వెళ్లి పడమట లారీలు తిరిగే రోడ్డు మీద పడింది.

ఆవిడ ముందు నవ్వింది. మహానుభావా, బస్టాండుకే పళ్లు కట్టారు అంది. నవ్వుతూనే స్టూలు మీద కూర్చుని రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. ఒక్క మాట కూడా విసుక్కోలేదు. విసుక్కున్నా బాగుండేది, కాసేపు నాతో మాట్లాడినట్టుండేది. మర్నాడు ఉదయానికల్లా అట్టలు, డ్రాయింగులు, బట్టలు సర్దుకుంది. గైడు ఇల్లు కాలేజీ పక్కనే ఉంది, స్టూడియోలో పెద్ద బల్లలున్నాయి, గైడు ఇద్దరు జూనియర్లని ఒప్పించిందట. జ్యూరీ అయ్యేదాకా అక్కడే ఉంటానని, మీకు కోపం లేదుగా అని అడిగింది. కోపం నాకెందుకు అన్నాను.

భోజనాల బల్ల ఖాళీ అయింది. ఇక దర్జాగా తినొచ్చని మా అమ్మ కంచాలు పెట్టింది. ఇద్దరం చెరో చివర కూర్చున్నాం. కుడి ఎడమైన బస్టాండును మా అమ్మ పారేయనివ్వలేదు. కిటికీ పక్కన పెట్టించుకుని ఒక మెట్టు మీద కళ్లజోడు, ఒక మెట్టు మీద మందుసీసాలు అమర్చుకుంది. కట్టినవాటిలో నలుగురికీ ఉపయోగపడుతున్నది ఇదొక్కటే అని ఫోన్లో చిన్నదానికి చెప్పింది. నేను పనిలో కూర్చున్నా చూపు మాటిమాటికీ మధ్య తలుపువైపు పోయేది. అక్కడ వీపు కూడా లేదు. ఆ వీపును చూసి ఇన్నాళ్లు బెంగపడ్డానే, అదైనా ఉంటే చాలనిపించింది.

ఫోన్ చేస్తే హడావిడిగా రెండు ముక్కలు మాట్లాడేది. వెనక ఎవరో తూనీగక్కా, ఈ గోడ ఎక్కడ అంటించాలి అని కేకేస్తుండేవారు. వస్తున్నా వస్తున్నా అని నవ్వేది. ఆ నవ్వు నాది కాదు, నాకోసం కాదు. అయినా అది వినడానికే మళ్లీ ఫోన్ చేసేవాణ్ణి.

జ్యూరీరోజు రావొచ్చా అని అడిగితే, కుటుంబాలు వెనక నిలబడి చూడొచ్చంది. వెళ్లాను. పొడుగాటి హాలు, గోడల నిండా డ్రాయింగులు, ఒక్కొక్కదాని ముందు ఒక్కొక్క పిల్లో పిల్లాడో, ఎర్రబారిన కళ్లతో. వాళ్ల మధ్య మా ఆవిడ. జుట్టు బిగించి కట్టుకుంది, వేళ్లనిండా బ్లేడు గాట్లు. ముందు బల్ల మీద అట్టలతో చేసిన మోడలు, మెట్లు తూర్పుకే ఉన్నాయి. నన్ను చూసి తల ఊపింది. చిన్నప్పుడు పరీక్ష రాసే గదిలోంచి చిన్నది నావైపు అలాగే చూసేది. వెళ్లి పక్కన నిలబడాలనిపించింది.

జ్యూరీలో ముగ్గురు. వాళ్లలో పెద్దావిడ ఒకరు, వేరే ఊళ్లో పేరున్న ఆర్కిటెక్టు ఆఫీసు ఆవిడది, నలుగురూ కూర్చునే ఇలాంటి చోట్లే కడుతుందని గైడు నాకు చెవిలో చెప్పింది. మిగతా ఇద్దరూ స్తంభాల గురించి, నీళ్లు పోయే దారి గురించి అడిగారు. మా ఆవిడ తడబడకుండా చెప్పింది. మరుగుదొడ్ల మూల గురించి ఒకాయన మూతి విరిచాడు. పెద్దావిడ అది వదిలేయండి, అది సరిగ్గానే ఉంది అంది. తర్వాత మోడలు మీదికి వంగి, ఆ మెట్ల వంక చాలాసేపు చూసి అడిగింది.

"బస్సు లేదు. అంగడి లేదు. పని లేకుండా ఇక్కడికొచ్చి ఎవరు కూర్చుంటారమ్మా?"

చదువుకునే రోజుల జ్యూరీలోనూ ఇదే అడిగారన్నయ్యగారూ, దీనికే నోరు రాక నిలబడిపోయింది అని నా పక్కన గైడు గొణిగింది. చెప్పు, చెప్పు అని లోపలే అనుకుంటున్నాను. ఆ సాయంత్రం అరుగు మీద ఎంతమంది ఉన్నారు, నర్సులు, పెద్దాయన, నేను. చుక్కలన్నీ ఉన్నాయి కదా.

"నేను కూర్చుంటానండి," అంది మా ఆవిడ.

పెద్దావిడ తలెత్తింది. మా ఆవిడ నెమ్మదిగా, ఎవరికో ఇంటిదారి చెబుతున్నట్టు చెప్పింది. ఎక్కడినుంచో ఇంటికి వెళ్తుంటాను, దారిలో ఈ మెట్లుంటాయి. కాసేపు కూర్చుంటాను. ఆ కాసేపు నన్నెవరూ దేనికీ పిలవరు. నేనెవరికీ ఏమీ కాను. తర్వాత లేచి ఇంటికి వెళ్లిపోతాను. "అప్పుడు నన్నిది అడిగినప్పుడు చిన్నపిల్లనండి. అలాంటి మనిషి ఉంటుందని నాకు తెలీదు. ఇప్పుడు తెలుసు."

పెద్దావిడ మోడలును తనవైపు తిప్పుకుని, ఆ మెట్ల అంచును వేలితో తాకింది. అప్పుడు నాకు తెలిసిపోయింది మా ఆవిడ నెగ్గిందని. గుండె పొంగింది, అబద్ధం చెప్పను. దాని వెనకే ఇంకోటి కూడా తెలిసింది. వేసవంతా నేను ఆవిడ పక్కన కూర్చోవాలనుకుంటున్నాను. ఆవిడ మాత్రం ఇన్నేళ్లుగా ఒక్కతే కూర్చునే చోటు వెతుక్కుంటోంది, దొరక్క చివరికి తనే కట్టుకుంది. ఆవిడకి నా మీద కోపం లేదు, నాకూ ఆవిడ మీద లేదు. అయినా ఆ మాటలు ముల్లులా గుచ్చుకుని ఉండిపోయాయి.

ఇంటికొచ్చేశాక ఆవిడ బాగా నిద్రపోయింది, బాగా తింది, మా అమ్మ గోళ్లు తీసింది, వెనక గుమ్మం దగ్గర నాతో టీ కూడా తాగింది. నేను కోరుకున్నది నాకు దొరికిందనుకున్నాను. టీ తాగుతూనే చెప్పింది, పెద్దావిడ తన ఆఫీసుకు రమ్మని పిలిచిందని. అక్కడ నిజంగానే ఒక పాత బస్టాండు స్థలంలో ఇలాంటిదే కట్టబోతున్నారట. రైల్లో ఒక రోజు ప్రయాణం. పని పూర్తవడానికి ఏడాదిన్నర పైనే పడుతుందట. అంతా చెప్పి గ్లాసులోకి చూస్తూ కూర్చుంది.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వెళ్లు అన్నాను. ఇలాంటిది మళ్లీ రాదన్నాను. అమ్మని నేను చూసుకుంటాను, వంట నాకు రాదా ఏమిటి అన్నాను. నా డాక్టర్లందరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి నేను రాలేను కానీ, నెలకోసారి వచ్చి చూసిపోతానన్నాను. నా గొంతు చాలా హుషారుగా వచ్చింది. ఆ మెట్ల గురించి విన్నాక, ఆవిడ దారికి అడ్డం పడే మొదటి మనిషిని నేను కాకూడదని గట్టిగా అనుకున్నాను. ఆవిడ సరేనంది.

తర్వాతి రోజుల్లో వీధిలో ఎవరు కనిపించినా నేనే ముందుగా చెప్పేవాణ్ణి, మా ఆవిడ పెద్ద పని మీద వెళ్తోందని. కొత్త పెట్టె కొనుక్కొచ్చాను. రైలు టిక్కెట్టు నేనే తీశాను. మీ ఆయన బంగారం అని గైడు మా ఆవిడతో అన్నది. చిన్నది ఫోన్లో, నాన్నా నువ్వు గ్రేట్ అంది. మా ఆవిడ రోజురోజుకీ మాటలు తగ్గించేసింది. ప్రయాణం బెంగ అనుకున్నాను. మా అమ్మ ఒక్కతే నన్ను విడిగా పిలిచి, ఒరే, అంత సంతోషంగా తిరగకురా, చూడలేకపోతున్నాను అంది. నాకేం సంతోషం అన్నాను. అదే నేనూ అంటున్నాను అంది.

బయల్దేరే రోజు మధ్యాహ్నం స్టేషనుకు వెళ్లే కారు వీధి చివర ఆగింది. లోపలికి రాదు, సందు ఇరుకు. పెట్టె తీసుకెళ్లి అందులో పెట్టి వచ్చాను. మా అమ్మ కోడలి తల నిమిరి, అక్కడైనా ఆ మూల సరిగ్గా కట్టించు అని చెప్పి, కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. ముందుగదిలో మేమిద్దరమే మిగిలాం. బల్ల మీద సగం చేసిన దవడలు, మైనం వాసన. కారువాడు ఎదురుచూస్తున్నాడు, పద అన్నాను.

ఆవిడ కదల్లేదు. చేతిసంచీ కుర్చీలో పెట్టింది.

"అందరూ మిమ్మల్ని మెచ్చుకుంటున్నారు," అంది. "నేనూ మెచ్చుకుంటున్నాను. ఒక్కమాట ఎదురు చెప్పలేదు. పెట్టె కొన్నారు, టిక్కెట్టు తెచ్చారు."

ఏమైందని అడిగాను.

"ఒక్కసారి ఉండమనండి."

ఉంటావా అని అడగబోయాను. ఆవిడ అది ముందే గ్రహించి తల అడ్డంగా ఊపింది.

"అన్నా వెళ్తాను. అయినా అనండి. వెళ్లేటప్పుడు ఆ మాట వినకుండా ఎలా వెళ్లను?"

ఆ మాట వేసవంతా నా గొంతులోనే ఉంది. దాన్ని ఎన్నిసార్లు మింగానో నాకే తెలుసు. ఇప్పుడు అనమంటే రావడానికి ఎంతసేపు పట్టిందో.

"ఉండవే," అన్నాను.

ఆవిడ కళ్లు మూసుకుని, తల కొంచెం వంచి వింది. ఇంకోసారి అంది. ఇంకోసారి అన్నాను, ఈసారి అంతటితో ఆగలేక, వెళ్లకే, నువ్వు లేకపోతే నేనేం చేయను అని కూడా అనేశాను. ఆవిడ దగ్గరికి వచ్చి నా చొక్కా మీద ప్లాస్టర్ పొడి దులిపింది. దులిపినచోటే కాసేపు చెయ్యి ఉంచింది. తర్వాత మొహం తుడుచుకుని, సంచీ భుజాన వేసుకుని, కారువైపు నడిచింది.